మన నేల, వాళ్ళ కప్పు

ఆడపిల్ల నడుస్తుంటే చప్పుడు కాకూడదని వింటూ పెరిగాం మా తరం వాళ్ళం. కాస్త గట్టిగా అడుగేస్తే చాలు, "ఏమిటా నడక, నేలంతా అదిరిపోయేలా" అనేవాళ్ళు. తలుపు మెల్లగా వెయ్యాలి, గిన్నె మెల్లగా దించాలి, నవ్వు పక్క గదిలోకి పోకూడదు. ఇదంతా మర్యాద పేరుతో నేర్చుకున్నాం. పెళ్ళయ్యాక అత్తగారింట్లో ఈ విద్య బాగానే పనికొచ్చింది కూడా!

మా అమ్మ మధ్యాహ్నం పూట కారం దంచాలంటే రోలు కింద నాలుగు మడతలేసిన గోనెపట్టా పరిచేది. అది తాతయ్య నిద్రపోయే వేళ. దంచటం ఆగకూడదు, నిద్ర చెడకూడదు. రెంటికీ మధ్య దారి వెతకాల్సింది అమ్మే. ఆ గోనెపట్టా చేసిన పనినే ఇవాళ రబ్బరు, కార్క్, ఫోమ్ అన్న పేర్లతో దుకాణాల్లో అమ్ముతున్నారు. నేల మీద పడే దెబ్బని పుట్టినచోటే మెత్తబరచాలన్న సూత్రం అమ్మకి ఏ పుస్తకమూ చెప్పలేదు. నాలుగు నెలలపాటు ఈ సరుకు కోసం తిరిగాక, ఆ గోనెపట్టా గురించి రాయాలనిపించింది.

చిక్కడపల్లి పాత ఇళ్ళలో ఈ గొడవ వుండేది కాదు. కిందంతా గచ్చో, షాబాదు రాయో. పిల్లలు ఎంత గెంతినా ఆ దెబ్బ భూమిలోకే పోయేది. మేమీ వీధికి వచ్చేనాటికి అలాంటి ఇళ్ళు, ముందు వేపచెట్లతో, నాలుగైదు మిగిలివున్నాయి. ఒక్కొక్కటే పడిపోయి వాటి జాగాలో నాలుగేసి అంతస్తులు లేచాయి. ఇప్పుడు నేల కింద భూమి లేదు, ఇంకొకరి తల వుంది. మన నేల వాళ్ళకి కప్పు. మధ్యలో వున్నది ఐదారు అంగుళాల శ్లాబు.

మా బిల్డింగులో కింద నేనుంటాను. మొదటి అంతస్తులో అమ్మాయిల హాస్టల్. రెండో అంతస్తులో నాట్యం నేర్పే ఒకామె. మూడో అంతస్తులో ఒక కుటుంబం. మొదటి రెండు అంతస్తులూ ఒకాయనవే. ఆయన ఇక్కడ వుండరు, అద్దె కోసం మాత్రం వస్తారు.

అశోక్‌నగర్ సంగతి మీకు తెలిసిందే. గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ సెంటర్లు, జెరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, ప్రతి గోడ మీదా హాస్టల్ బోర్డులు. మహబూబ్‌నగర్ నుంచీ, ఆదిలాబాద్ నుంచీ, నల్గొండ నుంచీ వచ్చిన పిల్లలు. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం వెళతారు. కుర్చీ దొరక్కపోతే మళ్ళీ ఆ గదే గతి. ఒక గదిని ప్లైవుడ్ పలకలతో మూడు చేసి, ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గుర్ని పెడతారు. నోటిఫికేషన్ వస్తుందో రాదో, వచ్చిన పరీక్ష నిలబడుతుందో రద్దవుతుందో తెలియని చదువు. ఇంట్లోవాళ్ళు పెళ్ళి సంబంధాల్ని ఆపిపెట్టిన గడువులో చదివే చదువు! ఆడపిల్లల చదువుకి ఈ ప్రాంతం పాత చిరునామా. మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టింది నారాయణగూడలోనే. రాజబహదూర్ వెంకట్రామారెడ్డి మహిళా కళాశాల 1954 నుంచీ ఇక్కడే వుంది. దాదాపు వందేళ్ళుగా ఈ వీధుల్లో ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడుస్తూనే వున్నారు. కూచుని చదువుకోటానికి నిశ్శబ్దంగా వుండే చోటు మాత్రం ఇప్పటికీ కొద్దిమందికే.

పైన నాట్యం నేర్పే ఆమె కృష్ణాజిల్లా నుంచి వచ్చింది. పెళ్ళి బెడిసికొట్టాక రెండు పెట్టెలతో దిగింది. పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు వున్న హాల్లో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా కూచిపూడి నేర్పుతుంది. ఇరవై మంది పిల్లలు. ఆ ఫీజులే ఆమె అద్దె, ఆమె అన్నం. చెక్కపలక మీద కర్రతో తాళం వేస్తుంటే ఇరవై జతల పాదాలు టైల్స్ మీద ఒక్కసారిగా పడతాయి. కింది గదిలో రాజ్యాంగం అధికరణాలు బట్టీ పట్టే అమ్మాయి నెత్తిన పడతాయి.

అమ్మాయిలు ముందు నా దగ్గరికే వచ్చారు. "ఆంటీ, మాకు డాన్స్ మీద కోపం లేదు. మాకు ఇంకో జాగ లేదు, గంతే" అంది వాళ్ళలో పెద్దమ్మాయి. ఈలోగా సంగతి ఇంటి యజమాని దాకా పోయింది. ఆయన ఫోన్ చేసి నాతో అన్నమాట ఇది: "సంసారులుండే చోట ఈ గజ్జెల మోతేమిటండీ? ఖాళీ చేయిస్తాను."

నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే మూడో అంతస్తు కుర్రాడు తెల్లారి ఐదింటికి డంబెల్స్ నేల మీద పడేస్తాడు. అది నా మంచం దాకా వినిపిస్తుంది. దాని గురించి ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. "వయసు కుర్రాడు, ఒళ్ళు పెంచుకుంటున్నాడు" అని ముచ్చటపడ్డవాళ్ళు కూడా వున్నారు. అమ్మాయిలు అడిగింది చదువుకోటానికి కాస్త నిశ్శబ్దం. యజమాని విన్నది గజ్జెలు. ఆడమనిషి పాదం చేసే చప్పుడుకి డెసిబెల్స్‌తో సంబంధం లేని ఇంకో కొలత వుందన్నమాట!

ఈ కొలతకి చరిత్ర వుంది. కూచిపూడిలో తరతరాలుగా స్త్రీవేషం కట్టింది మగవాళ్ళే. వాళ్ళ గజ్జెల చప్పుడు కళ అయింది. గుళ్ళలో, కొలువుల్లో ఆడిన కళావంతుల ఆడవాళ్ళకి 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది. అంకితం చేసే ఆచారం పోవాల్సిందే, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ ఆ ఆచారంతోపాటు ఆ స్త్రీల కాళ్ళ కింది వేదిక కూడా పోయింది. తర్వాత మధ్యతరగతి ఇళ్ళ పిల్లలు నాట్యం నేర్చుకోవటం మొదలయ్యాక అది గౌరవమైన విద్య అయింది. అయినా నేర్పే ఆడమనిషి వొంటరిదైతే పాత అనుమానం అద్దె యింటి గుమ్మం దగ్గర మళ్ళీ లేచి నిలబడుతుంది.

ఖాళీ చేయిస్తే అమ్మాయిలకి నిశ్శబ్దం వస్తుంది, ఆమె బతుకు పోతుంది. వదిలేస్తే పాపం అమ్మాయిల ఏడాది పోతుంది. ఇద్దరు ఆడవాళ్ళ అవసరాల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి, మధ్యలో వున్న శ్లాబు పల్చదనం గురించి ఎవరూ మాట్లాడకపోవటం నాకు నచ్చలేదు. అందుకే ఆమె, నేను, హాస్టల్ పెద్దమ్మాయి కలిసి నేల సంగతి తేల్చుకుందామని బయల్దేరాం.

మొదట తెలుసుకున్నది శబ్దాలు రెండు రకాలని. మాట, పాట, టీవీ గాలిలో ప్రయాణించి గోడని తాకుతాయి. వీటిని ఆపటానికి బరువు కావాలి. కాంక్రీటు శ్లాబు ఆ పని బాగానే చేస్తుంది. రెండోది తాకిడి. కాలు పడ్డా, కుర్చీ జరిపినా, రోకలి దిగినా శ్లాబే కంపించి, తనే కింది గదికి స్పీకర్‌లా మారుతుంది. దీనికి బరువొక్కటే చాలదు, కాలికీ శ్లాబుకీ మధ్య మెత్తటి పొర వుండాలి. అంటే మందు పైన వెయ్యాలి. కింద బాధపడేవాళ్ళు తమ వైపు నుంచి చెయ్యగలిగింది చాలా తక్కువ.

యజమాని సలహా మాత్రం కింద ఫాల్స్ సీలింగ్ వేసుకోమని. అమ్మాయిల ఖర్చుతో! స్ప్రింగు కొక్కేలతో, మధ్యలో రాతి ఉన్ని నింపి వేస్తే కొంత తగ్గుతుంది. కానీ కంపనం గోడల్లోకి దిగి పక్కదారిన గదిలోకి వచ్చేస్తుంది. పైగా ఎత్తు తగ్గి ఎండాకాలం ఉడుకుతుంది. ఇంకో దుకాణంలో గుంతలు గుంతలుగా వున్న ఫోమ్ పలకలు చూపించారు, రికార్డింగ్ స్టూడియోల్లో వుండే రకం. అవి గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. గదిలోంచి బయటికి పోయేదాన్నీ, పైనుంచి దిగేదాన్నీ ఆపవు. కోడిగుడ్ల అట్టలూ, థర్మోకోలూ అంతే. 'సౌండ్ ప్రూఫ్' అని బోర్డున్న ప్రతిదీ ఏ శబ్దానికో అడగాలి.

ఈ తాకిడిని కొలవటానికి ఒక యంత్రం వుంది. అరకిలో సుత్తులు ఐదు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు నుంచి సెకనుకి పదిసార్లు నేల మీద పడతాయి. కింది గదిలో ఎంత వినపడిందో లెక్కకడతారు. చదవగానే నాకు వడ్లు దంచే ఐదుగురు ఆడవాళ్ళు గుర్తొచ్చారు! అయితే ఆ గట్టి సుత్తి దెబ్బలు చెప్పులు లేని కాలికీ, గెంతే పిల్లలకీ సరిగా సరిపోవు. అందుకని జపాన్, కొరియాల్లో మెత్తటి బరువైన దెబ్బని కొలిచే పద్ధతులు వచ్చాయి. రెండున్నర కిలోల రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుంచి వదిలే పరీక్ష ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ వుంది. ఎవరి నడకని కొలవాలన్నది కూడా ఎవరో ఒకరు ఎంచుకునేదే కదా. దక్షిణ కొరియాలో పైఅంతస్తు చప్పుడు పెద్ద సామాజిక సమస్య. అక్కడ అపార్ట్‌మెంట్ శ్లాబు మందం కనీసం 210 మిల్లీమీటర్లు వుండాలని నిబంధన పెట్టారు. మన దగ్గర 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. అవి ఆవరణలో గాలిలో వుండే శబ్దానికి. కప్పులోంచి దిగే అడుగుల దెబ్బ వాటి లెక్కలోకి రాదు. 2016 జాతీయ భవన నియమావళిలో శబ్దం గురించి ప్రత్యేక విభాగమే వుంది. దాన్ని తెరిచి చూసి కట్టిన ఇల్లు మా వీధిలో నాకైతే కనిపించలేదు.

సరే, ఏం వెయ్యాలి? మొదట అందరూ చెప్పింది తివాచీ. నిజానికి తాకిడికి మందపాటి తివాచీ, దాని కింద మెత్తటి పొర చాలా మంచి మందు. మా ఇంట్లో ఊడ్చి తుడిచే ఆమే నాట్యం హాలు కూడా తుడుస్తుంది. ఆమెని అడిగాను. "గా తివాసి ఏస్తే నేను రానమ్మా. ఊడిస్తే దుమ్మంత నా ముక్కులనే పడ్తది. ఇప్పటికే ఆయాసం" అంది. దుకాణంలో ఏ సేల్స్‌మనూ చెప్పని విషయమిది. ప్రతి నేలకీ రెండు ధరలుంటాయి. కొనేటప్పుడు ఇచ్చేది ఒకటి, రోజూ ఎవరో వంగి చెల్లించేది ఇంకొకటి. రెండో ధర ఆమెది. కాబట్టి తివాచీ పోయింది.

వరంగల్ జంఖానాలు ఉతుక్కోవచ్చు, దులుపుకోవచ్చు. కానీ పల్చన, దెబ్బని పెద్దగా ఆపవు, పాదం కింద జారతాయి. లామినేట్ పలకల కింద వేసే రెండు మూడు మిల్లీమీటర్ల తెల్ల ఫోమ్ టకటకమనే సన్నటి చప్పుడుని తగ్గిస్తుంది, ధబ్బుమనే బరువు చప్పుడుని అంతగా కాదు. ఏళ్ళు గడిస్తే అణిగిపోతుంది కూడా. పైగా లామినేట్‌కి నీళ్ళు పడవు. బకెట్టుతో నీళ్ళు పోసి కడిగే అలవాటున్న ఇంట్లో అది వుబ్బి లేస్తుంది. కార్క్ మంచిదే. పోర్చుగల్ అడవుల్లో ఓక్ చెట్ల బెరడు, చెట్టు నరకకుండా మళ్ళీ మళ్ళీ వొలిచేది. ధర విని ముగ్గురం దుకాణం దిగివచ్చాం. శ్లాబు మీద మెత్తటి పొర పరిచి పైన రెండంగుళాల కాంక్రీటు పోసే పద్ధతి కొత్త ఇళ్ళకి చాలా మంచిది. కానీ అది చదరపు మీటరుకి దాదాపు 120 కిలోల బరువు. పాత శ్లాబు మీద ఇంజనీరు చూడకుండా అంత బరువు మొయ్యమనకూడదు.

చివరికి రాణీగంజ్‌లో దొరికింది. పాత టైర్ల రబ్బరు పొడిని అతికించి చేసిన పది మిల్లీమీటర్ల షీట్లు. కొన్నాళ్ళు వాసన వుంటుంది, కిటికీలు తెరిచి వుంచాలి. వాటి మీద పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు వరసలు, కింది అతుకుల మీద పై అతుకులు రాకుండా. రెండు వరసలనీ ఒకదానికొకటి స్క్రూలతో బిగించారు, శ్లాబుకి మాత్రం ఒక్క మేకు కూడా దిగలేదు. నాలుగు గోడల వెంటా అరంగుళం ఖాళీ వదిలి ఫోమ్ పట్టీ పెట్టారు. పలక గోడని తాకితే కంపనం అక్కడినుంచి జారి కిందకి పోతుంది, చేసిందంతా వృథా. మొత్తం చదరపు మీటరుకి పాతిక కిలోలు. తలుపు అడుగున ఒకటిన్నర అంగుళం కోయించాల్సి వచ్చింది. పైన తడిగుడ్డ పెట్టగలిగేలా వార్నిష్. అది తుడిచే ఆమె చూసి ఒప్పుకున్నాకే.

నాట్యం టీచర్‌కి ముందు ఇది ఇష్టం లేదు. "నేల బదులు పలక్కపోతే పిల్లకి అడుగు ఎలా తెలుస్తుందక్కా?" అంది. ఆమె భయం అర్థమైంది. చప్పుడు ఆమె విద్యలో భాగం. కానీ రాతి నేల మీద ఏళ్ళ తరబడి కొట్టిన ఆమె మోకాళ్ళు కూడా ఈ చర్చలో వున్నాయి. గట్టి నేల దెబ్బని తిరిగి కాలికే ఇస్తుంది. అందుకే నాట్యశాలల్లో కొంచెం వొంగే చెక్క నేలలు వేస్తారు. మూడు వారాలయ్యాక "పలుకుతోంది, కాకపోతే గొంతు మారింది" అంది. పళ్ళెం మీద ఆడే తరంగం మాత్రం ఆదివారం పొద్దున, అమ్మాయిలు లైబ్రరీకి వెళ్ళాక.

పూర్తిగా ఆగిందా? లేదు. టకటకలు పోయాయి, ధబ్ధబ్ మిగిలింది, దుప్పటి కప్పుకున్నట్టు. ఇంత పల్చటి శ్లాబు మీద ఏ షీటూ దాన్ని పూర్తిగా మింగలేదు. మిగిలిన దాన్ని మాటలతో సర్దుకున్నాం. పరీక్షకి ముందు నెల రోజులు క్లాసు ఏడింటికే ముగుస్తుంది. ఆ సంగతి కాగితం మీద రాసుకున్నాం. పై కుర్రాడికి కూడా రెండు రబ్బరు ముక్కలు ఇచ్చి, తెల్లారి ఐదు సంగతి నేనే చెప్పాను. కాస్త ఆశ్చర్యపోయాడు. తన చప్పుడుకి పేరుందని అతనికి ఎవరూ చెప్పలేదు!

డబ్బు సంగతి ఇంకా నన్ను గుచ్చుతూనే వుంది. ఆమె మూడు నెలల ఫీజులు పెట్టింది, పిల్లల తల్లులు కొంత వేశారు, నేను కొంత. ఆ రెండు అంతస్తులకీ అద్దె తీసుకునే మనిషి ఏమీ పెట్టలేదు. ఆయనకి ఆ చప్పుడు వినపడదు, ఆ నేల ఆయన ఊడ్చడు. శ్లాబు పోసేరోజే మెత్తటి పొర వేస్తే తేలిగ్గా అయ్యే పనిని, నలభై ఏళ్ళ తర్వాత అద్దెకున్న ఆడవాళ్ళు చందాలేసుకుని చేశారు. ఖాళీ చేయిస్తానన్న మాట మాత్రం వెనక్కి పోయింది. ప్రస్తుతానికి.

సొంత గది గురించి వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసిన దగ్గరనుంచీ మనం చాలా మాట్లాడుకున్నాం. గదికి తలుపు కావాలన్నాం, తాళం కావాలన్నాం, ఆదాయం కావాలన్నాం. మన గదులు ఇప్పుడు ఒకదాని మీద ఒకటి వున్నాయి. నా గది నేల ఇంకో స్త్రీ గదికి కప్పయినప్పుడు నా స్వేచ్ఛ ఆమె తలనొప్పి కాకుండా వుండటానికి ఏం పరవాలి, దానికెవరు ఖర్చు పెట్టాలి, దాన్నెవరు తుడవాలి? మెల్లగా నడవమని ఇంకో ఆడపిల్లకి చెప్పకుండా ఈ ప్రశ్నలకి జవాబు వెతకాలి. అడుగు గట్టిగానే వెయ్యాలి. దాని బరువు మొయ్యాల్సింది నేలా, ఆ నేల వేసినవాళ్ళూ.